ఊరి నీరే ప్రయోగశాల

1930 తరువాతి సంవత్సరములలో నెల్లూరు జిల్లా రైతులు కొందరు తమ దుక్కిటెద్దులలో ఒక వింత మార్పును గమనించిరని చెప్పుదురు. ఎద్దులకు కీళ్ళు బిగిసిపోయి, అరక లాగుట అటుంచి, నడచుటయే కష్టమైనది. అటువంటి బాధయే మనుష్యులలోను కనబడుచుండెను. పండ్లపై గోధుమరంగు మచ్చలు, వంగని వెన్ను, చాపలేని మోకాళ్ళు ఆ ప్రాంతములో పలువురకు ఉండెను. 1937లో షార్ట్ మొదలైన వైద్యశాస్త్రజ్ఞులు ఆ జిల్లాలోని రోగులను పరీక్షించి, త్రాగునీటిలో అధికముగా నున్న ఫ్లోరైడు ఇందుకు కారణమని ప్రకటించిరి. భారతదేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి వెలువడిన తొలి శాస్త్రీయ నివేదిక అదియే.

ఈ కథలో పాఠశాలలు గ్రహింపదగిన విషయమొకటి కలదు. మొదటి పరిశీలన చేసినవారు ప్రయోగశాలలో లేరు, పొలములో ఉండిరి. ప్రతిదినము చూచుచున్న వస్తువులో మార్పును పసిగట్టి, “ఇది ఎందుకిట్లయినది?” అని అడిగిరి. విజ్ఞానశాస్త్రమునకు మూలము ఆ ప్రశ్నయే. అట్టి ప్రశ్నను ఊరినుండి తరగతిలోనికి తెచ్చి, దానికి సమాధానము విద్యార్థులే తమ చేతులతో వెదకునట్లు చేయు బోధనను ప్రాజెక్టు పద్ధతి అందురు.

ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరములు

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1896లో జాన్ డ్యూయీ అను అమెరికా తత్త్వవేత్త చికాగో విశ్వవిద్యాలయములో ఒక ప్రయోగాత్మక పాఠశాలను స్థాపించెను. అక్కడి పిల్లలు వంట, వడ్రంగము, నేతపని చేయుచు వాటిద్వారా చరిత్రను, విజ్ఞానమును నేర్చుకొనిరి. ఒకనాడు వారికి పచ్చి పత్తిని, గొఱ్ఱె ఉన్నిని ఇచ్చిరి. పిల్లలు అరగంట సేపు చేతులతో గింజలు తీసినను, ఒక ఔన్సు దూదియైనను రాలేదు. గింజ తీయు యంత్రము రాకముందు తమ పూర్వులు నూలు బట్టలకంటె ఉన్ని బట్టలనే ఎందుకు ఎక్కువగా ధరించిరో వారికి అప్పుడు వేళ్ళనొప్పితో సహా బోధపడినది. ఈ మాటను గురువు ఒక వాక్యములో చెప్పి ఉండవచ్చును. కాని అరగంట గింజలు తీసిన పిల్లవాడు దానిని మరువడు. పత్తి పండించు గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతముల పిల్లలకు ఈ అనుభవమును ఎవరును వివరింప నక్కరలేదు. కాని ఆ అనుభవమును పాఠముతో కలుపుటయే జరుగవలసిన పని.

డ్యూయీ శిష్యుడగు విలియం కిల్‌పాట్రిక్ 1918లో “ప్రాజెక్టు పద్ధతి” అను వ్యాసమును ప్రచురించినప్పటినుండి ఆ పేరు ఉపాధ్యాయలోకములో వ్యాపించినది. భారతదేశములో 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీజీ, చేతివృత్తిని కేంద్రముగా చేసికొని సకల విషయములను బోధింపవలెనని సూచించెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళికను సిద్ధపరచినది. అదియే నయీ తాలీమ్ అను పేరుతో ప్రసిద్ధమైనది. నెల్లూరు జిల్లా నివేదిక వెలువడినది కూడ ఆ సంవత్సరమే యగుట గమనింపదగినది.

హోషంగాబాదు అనుభవము

ఆలోచన మంచిదే, సామాన్యమైన ప్రభుత్వ పాఠశాలలో అది సాగునా అను సందేహము ఎల్లప్పుడును ఉన్నది. ఆ సందేహమునకు ఒక సమాధానము మధ్యప్రదేశ్‌లో లభించినది. 1972లో హోషంగాబాదు జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలలలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వానుమతితో ఒక విజ్ఞానబోధన కార్యక్రమమును ప్రారంభించినవి. విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు వేసవి సెలవులలో వచ్చి గ్రామ ఉపాధ్యాయులతో కలసి కూర్చుండి ప్రయోగములు చేసిరి. 1978లో ఈ కార్యక్రమము జిల్లా అంతటికి విస్తరించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత దీనిని నడపినది.

అక్కడి పుస్తకములో నిర్వచనములు ముందుగా ఉండెడివి కావు. “ఈ పని చేసి చూడుము, కనబడినదానిని వ్రాయుము, నీ తోటివారి పట్టికతో పోల్చుము” అను రీతిలో పాఠము నడచెడిది. పరికరములు చవుకైనవి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలు, ఖాళీ సీసాలు వారి ప్రయోగశాలలో ముఖ్యమైన వస్తువులు. పరీక్షలో విద్యార్థి పుస్తకమును తెరచి చూడవచ్చును. ప్రయోగ పరీక్షయు ఉండెడిది. సవాలీరామ్ అను కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహములను ఉత్తరములుగా వ్రాసెడివారు. వాటికి సమాధానములు వెళ్ళెడివి. ఈ కార్యక్రమమును 2002లో ప్రభుత్వము నిలిపివేసినది. అయినను, పెద్ద భవనములు లేని పల్లె పాఠశాలలో ముప్పది ఏండ్లపాటు పిల్లలు స్వయముగా ప్రయోగములు చేయగలరని అది ఋజువు చేసినది.

1993 నుండి జరుగుచున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో 10 నుండి 17 ఏండ్ల బాలబాలికలు తమ ఊరి సమస్యపై స్వయముగా పరిశోధన చేసి నివేదిక సమర్పించుదురు. 2020 జాతీయ విద్యావిధానము కూడ అనుభవపూర్వకముగా నేర్చుకొనుటను నొక్కి చెప్పినది. కనుక ఉపాధ్యాయునికి అనుమతి లేదను చింత వలదు. కావలసినది తగిన ప్రశ్న.

ఒక ప్రాజెక్టు: మా ఊరి త్రాగునీరు

నల్లగొండ, కనిగిరి ప్రాంతములకు సంబంధించిన ఫ్లోరైడు సమస్యనే ఉదాహరణగా తీసికొందము. ఫ్లోరైడు మనిషి కలిపిన మురికి కాదు. గ్రానైటు జాతి శిలలలో ఫ్లోరైటు, ఎపటైటు, అభ్రకము వంటి ఖనిజములు ఉండును. భూగర్భజలము ఆ శిలలను చిరకాలము ఒరసికొని ఉన్నప్పుడు వాటిలోని ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలోనికి దిగును. నీటిలో కాల్షియము తక్కువగాను, బైకార్బనేటు ఎక్కువగాను ఉన్నచోట అది మరింత కరగును. పక్కపక్కనున్న రెండు బోరులలో సైతము పరిమాణము వేరుగా నుండవచ్చును. రంగు, రుచి, వాసన లేనందున నోటితో గాని కంటితో గాని దానిని కనిపెట్టలేము.

భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. కొద్దిపాటి ఫ్లోరైడు పండ్లను పుచ్చిపోకుండ కాపాడును. హద్దు మీరినచో అదే పండ్లకును, ఎముకలకును చేటు తెచ్చును. వేసవిలో పొలములో పనిచేయువాడు దినమునకు 4 లీటర్లు త్రాగుననుకొందము. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటితో అతని శరీరములోనికి దినమునకు 12 మిల్లీగ్రాములు చేరును. ఎక్కువ కష్టపడువాడే ఎక్కువ నీరు త్రాగును. కనుక ఎక్కువ నష్టపడువాడును అతడే.

మొదటి మెట్టు: మిల్లీగ్రాము అనగా నేమి?

లీటరుకు ఒక మిల్లీగ్రాము అను మాట విద్యార్థి నోటికి వచ్చును గాని మనస్సుకు రాదు. దానిని ఇట్లు చూపవచ్చును. ఉపాధ్యాయుడు ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేటును లీటరు నీటిలో కరిగించవలెను. ఇది లీటరుకు 1000 మిల్లీగ్రాముల ద్రావణము. దీనినుండి 10 మిల్లీలీటర్లు తీసి, నీరు చేర్చి 100 మిల్లీలీటర్లు చేసినచో 100 మిల్లీగ్రాముల ద్రావణమగును. అట్లే మరి రెండుమార్లు పలుచన చేసినచో వరుసగా 10, 1 మిల్లీగ్రాముల ద్రావణములు వచ్చును. నాలుగు సీసాలను తెల్లకాగితము ముందు వరుసగా నిలిపినచో, కడపటి సీసాలోను లేత గులాబి చాయ మిగిలియుండుట కనబడును. పది లక్షల భాగములలో ఒక భాగము “ఏమియు కాదు” అనుకొన్న విద్యార్థి ఆ చాయను చూచి మాట మార్చుకొనును. పర్మాంగనేటు చేతులకు, బట్టలకు మరక చేయును, కంటిలో పడరాదు. కనుక గాఢ ద్రావణమును ఉపాధ్యాయుడే పట్టుకొనవలెను.

రెండవ మెట్టు: పటము

విద్యార్థులు ఐదుగురు చొప్పున జట్లుగా విడి, వీధివీధికి తిరిగి ఊరి పటమును గీయవలెను. బావులు, చేతిపంపులు, బోరులు, కుళాయిలు, శుద్ధిజల కేంద్రములు అన్నియు గుర్తింపవలెను. ప్రతిదాని యజమానిని అడిగి లోతు, త్రవ్విన సంవత్సరము, ఎన్ని కుటుంబములు ఆ నీరు త్రాగుచున్నవో వ్రాసికొనవలెను. ఇచ్చట ఒక ముఖ్య విషయము తెలియగలదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముద్వారా నదీజలము గ్రామములకు చేరినది. అయినను “కుళాయి ఉన్నది” అనుట వేరు, “ఆ ఇంటివారు ఆ నీరే త్రాగుదురు” అనుట వేరు. రుచి నచ్చక పాత బోరునీరు త్రాగువారు, పొలమునకు పోయినప్పుడు అక్కడి మోటారు నీరు త్రాగువారు ఉండవచ్చును. “ఇంట ఏ నీరు? పొలములో ఏ నీరు? అన్నము వండుటకు ఏ నీరు?” అని విడివిడిగా అడిగినప్పుడే నిజము బయటపడును. ప్రశ్న అడుగుట కూడ ఒక కొలత సాధనమే. అది వంకరగా నున్నచో ఫలితము వంకరగానే వచ్చును.

మూడవ మెట్టు: నమూనా, పరీక్ష

నమూనాకు గాజు సీసా పనికిరాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావలెను. బోరును కొన్ని నిమిషములు నడపి, గొట్టములో నిలిచిన నీరు పోయిన తరువాత, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు తొలిచి నింపవలెను. సీసాపై సంఖ్య, స్థలము, తేదీ వెంటనే వ్రాయవలెను. సాయంత్రము జ్ఞాపకముతో వ్రాసిన చీటీ చీటీయే కాదు.

2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామములకు నీటి పరీక్షా పెట్టెలు ఇచ్చి, గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఇచ్చు ఏర్పాటు జరిగినది. అట్టి పెట్టె ఉన్న ఊరిలో ఆ స్త్రీలనే పాఠశాలకు గురువులుగా పిలువవచ్చును. ఈ పెట్టెలలో ఫ్లోరైడు పరీక్షకు సాధారణముగా జిర్కోనియము కలిసిన ఎఱ్ఱని రంగు ద్రావణము ఉండును. ఫ్లోరైడు జిర్కోనియమును తనవైపు లాగుకొనును. అందువలన ఎఱుపు తగ్గి పసుపు చాయ తేలును. ఆ రంగును పట్టికలోని రంగులతో పోల్చవలెను. ద్రావణములో ఆమ్లము ఉండును గనుక పెద్దల పర్యవేక్షణ తప్పనిసరి.

కన్ను మోసపోవును. కనుక ఒకే నమూనాను ముగ్గురు విద్యార్థులు, ఒకరి అంకె మరొకరు చూడకుండ, చదువవలెను. సీసాల నడుమ శుభ్రముగా పట్టిన వాననీటి సీసాను, విలువ ముందే తెలిసిన నీటి సీసాను ఉపాధ్యాయుడు చెప్పకుండ చేర్చవలెను. వాననీటిలో అధిక ఫ్లోరైడు ఉన్నదని ఎవరైన వ్రాసినచో తప్పు నీటిది కాదు, పద్ధతిది. అప్పుడు నవ్వరాదు, పరీక్షను మరల చేయవలెను. హద్దుకు దగ్గరగా గాని, మించి గాని వచ్చిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి నిర్ధారణ చేసికొనవలెను. పెట్టె పరీక్ష అనుమానమును తెల్పును. తీర్పు చెప్పుట ప్రయోగశాల పని.

నాలుగవ మెట్టు: అంకెలు

ఊహకొక ఊరిని తీసికొందము. అందు 20 బోరులు కలవు. 14 బోరులలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, 6 బోరులలో 3 మిల్లీగ్రాములు వచ్చినవి. మొత్తము 27.8, సగటు 1.39. “1.5 కంటె తక్కువే, ఊరికి భయము లేదు” అని విద్యార్థి వ్రాయును. లెక్క తప్పు లేదు, నిర్ణయము తప్పు. సగటు నీటిని ఎవరును త్రాగరు. తమ బోరు నీటినే త్రాగుదురు. పైగా ఆ 6 బోరులు ఊరిలో ఒకే పేటలో నున్నచో, సగటు అను ముసుగులో ఒక పేటవారి బాధ మొత్తము మరుగుపడును. పటముపై ఆ ఆరింటిని ఎఱ్ఱచుక్కలతో గుర్తించినచో సగటు చెప్పని సంగతిని పటము చెప్పును. సగటు అను పాఠమును దీనికంటె బాగుగా బోధించు లెక్క పుస్తకములో దొరకదు.

అట్లే పండ్లపై మచ్చలను గురించి తొందరపడరాదు. శాశ్వత దంతములపై పింగాణి పొర ఏర్పడునది దాదాపు ఎనిమిదేండ్ల లోపున. ముందుపండ్లకు ఇంకను ముందే. కనుక పదమూడేండ్ల బాలుని పంటిపై నున్న మచ్చ అతడు పసితనమున త్రాగిన నీటిని తెల్పును గాని నేటి నీటిని కాదు. అది ఆలస్యముగా అందిన ఉత్తరము వంటిది. అన్ని మచ్చలును ఫ్లోరైడు మచ్చలు కావు. తరగతిలో ఎవరి నోరును పదిమందిలో తెరపించి చూడరాదు. మచ్చగల బిడ్డ సిగ్గుపడి నోరు మూసికొన్నచో, ఆ పాఠము ఎంత శాస్త్రీయమైనను వృథా.

అయిదవ మెట్టు: పరిష్కారములను పరీక్షించుట

“నీటిని కాచినచో సరి” అని ఇంటివారు అందురు. కాచుట సూక్ష్మజీవులను చంపును; ఫ్లోరైడును తొలగింపదు. నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగును. రెండు లీటర్లు కాగి ఒక లీటరు మిగిలినచో లీటరుకు రెండింతలగును. చిల్లగింజ అరగదీసి కలిపినను, ఇసుక వడపోత పోసినను బురద పోయి నీరు తేటపడును; ఫ్లోరైడు అట్లే నిలుచును. తేటనీరు వేరు, మంచినీరు వేరు అని ఇక్కడ తెలియును.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. ఇందులో నీటికి తగుపాళ్ళలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి చిలుకుదురు. పటికనుండి పుట్టిన మెత్తని తెట్టె ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును, పైనీటిని వడబోయుదురు. పాళ్ళు నీటిగుణమును బట్టి మారును గనుక ఇంటిలో అంచనాతో చేయరాదు. అడుగున మిగిలిన తెట్టెను ఎక్కడ పారవేయుట అను ప్రశ్నయు ఉన్నది. బడిలో బురదనీటితో తెట్టె కట్టు తీరును మాత్రము చూపి, ఆ నీటిని త్రాగకుండ పారబోయవలెను.

ఫలితము ఎవరిది?

పట్టిక పూర్తియైనంతనే ప్రాజెక్టు ముగియదు. నిజమైన కష్టము అప్పుడే ఆరంభమగును. ఒకరి బోరునీరు మంచిది కాదని తేలినది. మొదట ఎవరికి చెప్పవలెను? గోడపై వ్రాయుటకు ముందు ఆ యజమానికి, ఆ నీరు త్రాగువారికి, ప్రయోగశాల నిర్ధారణ కాగితముతో చెప్పుట మర్యాద. పిదప ప్రధానోపాధ్యాయుని ద్వారా గ్రామపంచాయతీకి వినతిపత్రము ఇయ్యవలెను. దానిలో ఫిర్యాదు మాటలకంటె పటము, పట్టిక, తేదీలు ఎక్కువ బలము కలవి. బంగ్లాదేశ్‌లో నీటిలోని ఆర్సెనిక్‌ను పరీక్షించి, చెడునీటి పంపులకు ఎఱుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు పూసిరి. ఆ రంగును చూచి అనేక కుటుంబములు దగ్గరలోని మంచి పంపునకు మారినవి. దగ్గరలో మంచి పంపు లేనివారికి మాత్రము రంగు ఒక్కటియే చాలలేదు. కనుక “ఈ ఆరు బోరులవారు నడచిపోగల దూరములో మంచినీరు ఎక్కడ ఉన్నది?” అను ప్రశ్నకు సమాధానము లేని నివేదిక సగము నివేదికయే.

ఉపాధ్యాయుని పాత్ర

వార్షిక ప్రదర్శనకై అట్టముక్కలతో అగ్నిపర్వతమును చేయించుట, అంగడిలో కొన్న నమూనాను బల్లపై పెట్టించుట చేతిపని కావచ్చును గాని ప్రాజెక్టు కాదు. వాటికి సమాధానము ముందే తెలుసును. ప్రాజెక్టుకు గుర్తు ఏమనగా, ఆరంభించునాటికి దాని ఫలితము గురువునకు కూడ తెలియదు. “నాకు తెలియదు, కొలిచి చూతము” అని గురువు పలుకుట వలన అతని గౌరవము తగ్గదు. శాస్త్రజ్ఞుడు పనిచేయు తీరు శిష్యునికి కనబడును.

పాఠ్యాంశములు పూర్తికావలెనను భయము న్యాయమైనదే. కాని ఈ ఒక్క ప్రాజెక్టులో ద్రావణములు, ఖనిజములు, ఎముకలు, పటములు, సగటు, రేఖాచిత్రము, వినతిపత్ర రచన అన్నియు చేరియున్నవి. వారమునకు రెండు పీరియడ్లు చొప్పున ఎనిమిది వారములు చాలును. వివిధ విషయముల ఉపాధ్యాయులు తలా ఒక చేయి వేసినచో భారము ఒకరిపై పడదు. మార్కులు ఇచ్చునప్పుడు రంగుల అట్టకంటె, కొట్టివేతలతో సహా నాటినాటికి వ్రాసిన నోటుపుస్తకమునకు ఎక్కువ విలువ ఇయ్యవలెను. తప్పును దాచినవానికంటె తప్పును కనుగొని మరల కొలిచినవాడు శాస్త్రమునకు దగ్గరివాడు.

ఫ్లోరైడు లేని ఊరిలో ఈ పని నిరర్థకమని తలపరాదు. సముద్రతీర గ్రామములో ఉప్పునీరు, పట్టణములో చెత్త, మెట్టపొలములో ఇంకిపోవు బోరులు, వానకాలమున దోమలు, ఏ ఊరి ప్రశ్న ఆ ఊరిలోనే ఉన్నది. నీరు బాగుగానే ఉన్నదని తేలినను అది విలువగల ఫలితమే. మరుసటి యేటి విద్యార్థులు పోల్చి చూచుటకు అది తొలి పుట యగును. ఆ పుటను భద్రపరచు బీరువా పాఠశాలలో ఉండవలెను. పదేండ్ల పుటలు ఒకచోట చేరినప్పుడు, ఏ బోరు ఎప్పుడు మారినదో ఊరివారు బడికి వచ్చి అడిగి తెలిసికొందురు.